ఏ గుడీ లేని చోటికి

మొన్న సాయంత్రం గోదావరి గట్టు మీద నడుస్తుంటే పచ్చి వెదురు కాలుతున్న వాసన వచ్చింది. ఎవరో బండి మీద బొంగు చికెన్ చేస్తున్నారు. మాంసం ముట్టని ఇంటిదాన్ని, అయినా ఆ పొగలో కాసేపు నిలబడిపోయాను. రాజ్యలక్ష్మి టీచరుగారితో మొదటిసారి మారేడుమిల్లి వెళ్లిన రోజున రోడ్డు పక్క నుంచి ఈ వాసనే కారులోకి వచ్చింది. "అదిగో, దగ్గరికొచ్చేశాం" అంటూ ఆవిడ అద్దం పూర్తిగా దించేశారు. ఆవిడ పోయి అప్పుడే రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

టీచరుగారు రాజమహేంద్రవరంలో మా మేడ మీద వాటాలో అద్దెకుండేవారు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మంచి పొడగరి. ఆవిడ మెట్లు దిగుతుంటే ఇప్పుడో ఇంకాసేపటికో విజిల్ ఊదుతారేమో అనిపించేది. మనసైనప్పుడల్లా బూట్లు కట్టుకుని, భుజాన సంచి తగిలించుకుని అడవికి వెళ్లొచ్చేవారు. ఎందుకు వెళ్తారో మా వీధిలో ఎవరికీ అంతుపట్టేది కాదు. మాది బట్టల వ్యాపారం. మా ఇంట్లో ప్రయాణమంటే పెళ్లికో, సరుక్కో, మొక్కు తీర్చుకోవడానికో. ఊరికే వెళ్లడమనేది మాకు తెలియదు.

ఆ రోజుల్లోనే నాకు రెండోసారి కడుపు పోయింది, అదీ నెలలు నిండొస్తుండగా. మొదటిసారి అందరూ ఓదార్చారు. రెండోసారి ఆ మాటే ఎవరూ ఎత్తలేదు, గుళ్లకు తిప్పడం మొదలుపెట్టారు. మా అత్తగారు చెడ్డ మనిషేం కాదు. ఆవిడకు తెలిసిన మందు అదొక్కటే. వెళ్లిన ప్రతి గుళ్లోనూ నా చేత ఒకే కోరిక కోరించి ముడుపు కట్టించేవారు. బయటికొచ్చాక, ఏమైనా మారిందా అన్నట్టు నా మొహంలోకి చూసేవారు. ఆ చూపు తట్టుకోలేక నేను చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల దించుకునేదాన్ని.

ఒక ఉదయం టీచరుగారు కిందికి దిగివచ్చి, "వదినగారూ, ఉమని ఓ పూట నాతో పంపిస్తారా? మారేడుమిల్లి వెళ్తున్నాను" అన్నారు.

"అక్కడ ఏ దేవుడున్నాడండీ?" అన్నారు అత్తగారు.

"ఎవరూ లేరండి. అందుకే తీసుకెళ్తానంటున్నా."

అత్తగారు నా వంక చాలాసేపు చూశారు. చివరికి, "చీకటి పడకుండా వచ్చేయండి" అన్నారు.

అడవిలో సందర్శకుల కోసం వేసిన కాలిబాట ఒకటి ఏటి దాకా వెళ్తుంది. నేను చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఆకు కదిలినా ఉలిక్కిపడుతూ ఆవిడ వెనకే నడిచాను. ఏటి ఒడ్డున ఒక బండ మీద టీచరుగారు బూట్లు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నేను అలవాటుగా ఏటి వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"దణ్ణం పెట్టుకుంటున్నానండి."

"ఇక్కడ నిన్నెవరూ ఏదీ కోరుకోమనరు ఉమా. వచ్చి కూర్చో, అంతే."

కూర్చున్నాను. నీళ్లు చల్లగా పాదాల మీదుగా పోతున్నాయి. ఎంతసేపటికో, నేను అనుకోకుండానే నా నోట మాట వచ్చింది. "రెండోది పాపండి. తలనిండా జుట్టుందట. నాకు చూపించలేదు."

పోనీలే, మళ్లీ పుడతారులే అని ఆవిడ అనలేదు. "ఏం పేరనుకున్నావ్?" అని అడిగారు.

చెప్పాను. ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఏటి హోరులో ఎంత ఏడ్చానో నాకే తెలియదు. టీచరుగారు నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. నా ఏడుపు తగ్గాక సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, "తిను. నాకూ ఆకలేస్తోంది" అన్నారు.

మాకు పిల్లలు కలగలేదు. అడవికి వెళ్లినందువల్ల అదేం మారలేదు. కానీ ఆ ఏడే ఒకరోజు ధైర్యం చేసి, "అత్తయ్యా, ఇంక మొక్కులొద్దు. నావల్ల కావట్లేదు" అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. తర్వాత మేం మళ్లీ అడవికి బయల్దేరిన రోజు, ఇద్దరికి సరిపడా దద్దోజనం కలిపి గుమ్మంలో నిలబడ్డారు. అప్పటి నుంచి ప్రతి శీతాకాలం వెళ్లేవాళ్లం.

చివరిసారి వెళ్లినప్పుడు టీచరుగారికి నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తోంది. కాలిబాట గేటు దగ్గర కారు దిగలేదు. "నేనిక్కడే ఉంటా. నువ్వెళ్లి రా. వచ్చి చెప్పు."

"మీరు లేకుండా ఎలాగండీ?"

"బాటుంది, కాళ్లున్నాయి. ఇంకేం కావాలి?"

వెళ్లాను. వచ్చి చెప్పాను. ఏరు సన్నబడిందనీ, బండ పక్కనున్న తడి ఇసుక మీద పసుప్పచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా వాలాయనీ, దగ్గరికెళ్తే అన్నీ ఒక్కసారే లేచాయనీ. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. "మళ్లీ చెప్పు" అన్నారు. మళ్లీ చెప్పాను. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలోనే పోయారు.

ఇప్పుడూ వెళ్తుంటాను. "ఒక్కరే వచ్చారా అమ్మా?" అని గేటు దగ్గర టికెట్లిచ్చే అతను అడుగుతాడు. ఒక్కదాన్నేనని చెప్పి లోపలికి నడుస్తాను. ముందు వెళ్తున్న వాళ్లెవరైనా ఇద్దరిద్దరుగా కబుర్లాడుకుంటూ కనిపిస్తే అడుగు నెమ్మది చేసి వాళ్లను ముందుకు పోనిస్తాను. బాట ఎంత వెడల్పుగా ఉన్నా నేను ఒక అంచునే నడుస్తాను. ఆవిడవి పెద్ద పెద్ద అంగలు. పక్కన చోటుండాలి.