చేరకముందే బయల్దేరాలి

మెడలో టేపు లేకుండా ఆవిడని వీధిలో ఎవరూ చూసి ఉండరు. అందుకే పెద్దా చిన్నా అందరికీ టేపక్క అయింది. భార్యాభర్తలది చిన్న కుట్టు దుకాణం. ముందు గది దుకాణం, వెనక రెండు గదులూ ఇల్లు. ఆవిడ కొలతలు తీసుకుంటుంది, ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, ఇద్దరూ కుడతారు. ఆయన తల్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బొత్తాలు కుడుతుంది. తుంటి ఎముక విరిగినప్పటినుంచి ఆ పెద్దావిడ ఒకరి చెయ్యి పట్టుకోనిదే లేవలేదు. నోటికి మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు.

టేపక్కకి తోబుట్టువంటూ ఒక్కతే అక్క. రైల్లో అయిదు గంటలకి పైగా దూరమున్న పెద్ద నగరంలో ఉంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మూడేళ్ళయింది. మోకాళ్ళు అరిగిపోయి అంతసేపు రైల్లో కూర్చునే ఓపిక అక్కకి లేదు. ఒక రాత్రి ఇల్లు వదిలే వీలు చెల్లెలికి లేదు. రాత్రిళ్ళు అత్తగారిని రెండు మూడుసార్లు లేపాలి. అందుకు ఆవిడ కోడలి చెయ్యి తప్ప కొడుకు చెయ్యి ఒప్పుకోదు. పక్కింటి నర్సమ్మ ఒక రోజుకి సాయం వస్తానంది కానీ, రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరాలి.

అంటే తెల్లవారుజామున వెళ్ళి, అదే రాత్రి తిరిగి రావాలి. అది కుదురుతుందా లేదా అన్నదే టేపక్కని వారం రోజులుగా తొలిచేస్తోంది. స్టేషనుకి వెళ్ళి వేళలు కనుక్కుంది. అక్కని అడిగి బస్సు సంగతి తెలుసుకుంది. గిరాకీ లేని ఒక మధ్యాహ్నం, అన్నీ రాసుకున్న చీటీ తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఏవండీ, కాస్త చూసి చెప్పండి. నాకు లెక్క తేలడం లేదు."

ఆయన చేతిలోని కత్తెర పక్కన పెట్టి, చీటీని బల్ల మీద పరిచాడు. సుద్దముక్క తీసుకుని కత్తిరింపు బల్ల మీదే గీతలు గీశాడు. ఒక గీత రైలు, ఒక గీత బస్సు, మళ్ళీ బస్సు, మళ్ళీ రైలు. ఒక్కో గీత చివర ఆగడం, కాస్త ఆలోచించడం, గీతని ఇంకొంచెం పొడిగించడం. చివరికి తల గోక్కున్నాడు.

"ఇదిగో, నువ్వు మీ అక్క ఇంటికి ఒంటిగంటా పదికి చేరతావు."

"మంచిదే కదా. మళ్ళీ ఎప్పుడు బయల్దేరాలి?"

"తిరుగు రైలు అందాలంటే ఒంటిగంటకి."

మిషను మీద చెయ్యి వేసుకుని టేపక్క ఆయన వంక చూసింది.

"చేరకముందే బయల్దేరాలా?"

"పది నిమిషాల ముందు," అన్నాడాయన, తప్పు తనదే అయినట్టు.

పెద్దావిడ పకపకా నవ్వింది. "భలే ఉందిరా! వెళ్ళకుండానే వచ్చేసినట్టు. ఇంత సుఖమైన ప్రయాణం నేనెక్కడా చూడలేదు."

టేపక్క కూడా నవ్వింది కానీ ఆ నవ్వు నిలవలేదు. "సరేలెండి. నా మొహాన ఇంతే రాసిపెట్టి ఉంది," అని కాలరు ముక్క చేతిలోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే మూడుసార్లు గురి తప్పింది. పెద్దావిడ అది చూసింది.

"ఒరేయ్, ఆ చీటీ పైకి చదువు."

"రైలు నగరం చేరేది పదకొండూ ముప్పై అయిదుకి..."

"అమ్మాయ్, స్టేషన్లో నీకు చెప్పిన వేళ అదేనా?"

"కాదత్తయ్యా. పదకొండూ అయిదన్నారు. రైలు ఆలస్యమైతేనో అని అరగంట కలిపి రాశాను."

"బస్సుకి?"

"అక్క ముప్పై అయిదు నిమిషాలంది. నేను యాభై రాశాను."

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. "నువ్వేం చేశావురా?"

ఆయన బల్ల మీది గీతల్ని చూసుకున్నాడు. "నేనూ రానూ పోనూ రైలుకి అరగంట, బస్సుకి పావుగంట కలిపాను. తను రాసిచ్చింది ఒంటి కొలత అనుకున్నాను."

దుకాణం పెట్టిన నాటినుంచీ అక్కడి పద్ధతి అదే. కొలతల పుస్తకంలో ఆవిడ మనిషి ఒంటి కొలత ఉన్నదున్నట్టు రాస్తుంది. లూజు ఎంత వదలాలో కత్తిరించేటప్పుడు ఆయన చూసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ రాసిన అంకె ఏది కనిపించినా ఆయన చెయ్యి దానంతటదే కాస్త అవతలికి పోతుంది.

"ఇద్దరూ లూజు పెడితే ఇంకేముంది, ఆ చొక్కాలో ముగ్గురు దూరొచ్చు," అంది పెద్దావిడ. "ఒకరిది తీసెయ్యండి."

ఆయన తడిగుడ్డతో బల్ల తుడిచి మళ్ళీ గీశాడు. ఈసారి అక్క ఇంట్లో గంటా ఇరవై నిమిషాలు మిగిలాయి. రాత్రి తొమ్మిది దాటిన కాసేపటికి ఇల్లు చేరుతుంది. కుదురుతుంది.

కుదురుతుందన్నాక టేపక్కకి కొత్త దిగులు పట్టుకుంది. పదిన్నర గంటలు రైల్లో కూర్చుని గంటా ఇరవై నిమిషాలా? అక్క తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, కళ్ళు తుడుచుకునేసరికే అయిపోతుంది.

"పోనీ ఆ లూజు కూడా తీసేస్తే?" అన్నాడాయన.

"బిగుతుగా కుడితే ఎక్కడో ఒకచోట పిగులుతుంది. తిరుగు రైలు తప్పితే అత్తయ్యని ఎవరు లేపుతారు?"

ఆవిడే ఫోను తీసి అక్కకి చేసింది. సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, "రమ్మంటావా, వద్దంటావా?" అంది.

అక్క గొంతు దుకాణమంతా వినబడింది. "నీకు చూడాల్సింది నా ఇల్లా, నేనా?"

"నువ్వే."

"మరి బస్సెందుకే? నేనే ఆటో కట్టించుకుని స్టేషనుకొస్తాను. రైలెక్కలేను కానీ బెంచీ మీద కూర్చోలేనా?"

భర్త సుద్దముక్కతో రెండు బస్సు గీతల్నీ కొట్టేశాడు. మిగిలినదాన్ని వేలితో కొలిచి, ఆవిడకి మూడు వేళ్ళు చూపించాడు. మూడు గంటలు.

"వచ్చే బుధవారం వస్తున్నాను," అంది టేపక్క. అడిగినట్టు కాదు, చెప్పినట్టే అంది.

ఆ తరవాత మాటలు ఎటో వెళ్ళిపోయాయి. అక్క మోకాలి నూనె, కింది వాటా వాళ్ళ కుక్క, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గౌను కోసం కొట్టుకోవడం. కాలరు ముక్క ఒళ్ళోంచి జారిపడిందని కూడా ఆవిడకి తెలియలేదు. ఆయనే వంగి తీసి మిషను మీద పెట్టాడు.

"అన్నీ ఇప్పుడే మాట్లాడేసుకుంటే ఆ మూడు గంటలూ ఏం చేస్తారు?" అన్నాడు.

ఆవిడ ఫోను చెవినుంచి తియ్యలేదు.

"కూర్చుంటాం," అంది.