దేవకమ్మ గాజుల చప్పుడు

మా తీర్థకట్ట వీధిలో దేవకమ్మ గొంతు వినపడని పూట ఉండేది కాదు. పాలవాడితో, ఆకుకూరలామెతో, చివరికి గోడమీద కాకితో కూడా మాట్లాడేది. అలాంటి మనిషి నోరు కట్టుకుని ఆడే ఆటలో ఆరితేరిందంటే, కళ్లారా చూసిన నాకే ఇప్పటికీ ఆశ్చర్యం తీరదు.

ఆమె భర్త పరంధామయ్య తాలూకా కచేరీలో గుమాస్తా. సాయంత్రాలు బ్రిడ్జి ఆడేవాడు. అది పేకాటే గాని పందెం ఉండదు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్కదే గెలుపు. అలాంటి పదమూడు పట్లలో ఎన్ని గెలుస్తామో ముందే వేలంలోలాగా పాట పాడి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఆయన జతగాడికి పలమనేరు బదిలీ అయింది. మరో మనిషి దొరక్క పెళ్లాన్నే కూర్చోబెట్టాడు.

మొదట్లో రోజూ రభసే. పెరుగు తోడు అడిగే నెపంతో వెళ్లి నేనూ గడపలో చతికిలబడేదాన్ని.

"అబ్బ! ఈ తూరి అన్నీ ఆసులే!" అనేది ముక్కలు విప్పగానే.

"చేతిలో ఉండేదాన్ని దండోరా ఏస్తావేమే?" అని ఆయన తల కొట్టుకునేవాడు. ఎదుటి జట్టుగా వచ్చిన పక్కింటి మొగుడూ పెళ్లాలు పడీపడీ నవ్వేవారు.

"నువ్వు నేర్చుకునేలోపల తిరుమల కొండ అరిగిపోతాది" అన్నాన్నేను.

"సూస్తా ఉండక్కా" అంది.

అన్నట్టే మెల్లగా నోరు తగ్గింది. నోరు తగ్గేకొద్దీ చెవి పెరిగింది. ఎవరు ఏ ముక్క వేశారో, పాటలో ఎవరు ఎక్కడ వెనక్కి తగ్గారో, మర్నాడు పప్పు రుబ్బుతూ నాకు అప్పజెప్పేది.

1947 వేసవిలో చిత్తూరు క్లబ్బులో పోటీ పెట్టారు. అంతమంది మగవాళ్ల మధ్య ఆడదానికి ఆడతోడు కావాలని నన్ను రమ్మన్నారు. పిలవకపోయినా వెళ్లేదాన్నే. పులిహోర మూట కట్టుకుని పాకాల మీదుగా రైల్లో వెళ్లాం.

అక్కడ ఆడే తీరును డూప్లికేట్ అంటారట. ఒక బల్ల దగ్గర ఆడిన ముక్కలను కలపకుండా, ఎవరివి వారివిగా చెక్కపెట్టె అరల్లో పెట్టి పక్క బల్లకు పంపుతారు. అక్కడివాళ్లూ అవే ముక్కలతో ఆడాలి. నలుగురు కోడళ్లకూ ఒకే బియ్యం, ఒకే పప్పు కొలిచిచ్చి పొంగలి వండమన్నట్టు! సామాను బాగాలేదని తప్పించుకునే దారి ఎవరికీ లేదు. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో గాని, వాళ్లకు దణ్ణం పెట్టాలి.

రెండో ఆట ముగియగానే ఎదుటి జట్టులోని రాజారత్నం అనే ప్లీడరు చెయ్యెత్తాడు. పెద్దమనిషి, గొంతు కూడా మెత్తన.

"తప్పుగా అనుకోవద్దండీ. అమ్మగారి గాజులు గలగలమన్నప్పుడల్లా అయ్యగారు పాట పెంచుతున్నారు."

మిగతా బల్లల వాళ్లంతా ఇటు తిరిగారు. సైగలు చేసుకున్నారనడం ఆటగాడికి దొంగతనం అంటగట్టడమే. పోటీ నడిపే ఆయన వచ్చి, "గాజులు తీసి ఆడండమ్మా, లేదంటే తప్పుకోండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ముత్తైదువును గాజులు తీయమంటావా? మీ ఇంట్లో తీయిస్తావా నాయనా?"

పరంధామయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "పా దేవకీ, పోదాం. ఈ మాట పడి ఇంక ఆడేదేముండాది?"

"ఇప్పుడు పోతే దొంగలమై పోతాం" అందామె. నా వైపు తిరిగి, "అక్కా, ఆ మూట గుడ్డ ఇట్లియ్యి."

పులిహోర నూనె మరకలున్న గుడ్డను నిలువునా రెండుగా చించింది. గాజులను మోచేతి కిందివరకు ఎగదోసి, కదలకుండా బిగించి కట్టుకుంది. "ఇంక ఆడదామా?"

పంచగానే మొదట పలకాల్సింది రాజారత్నమే. "పాస్" అన్నాడు. అంటే పాట పాడనని. మిగతావాళ్ల మధ్య పాట పెరిగి దేవకమ్మ నాలుగు ఇస్పేట్ల దగ్గర నిలిచింది. అంటే ఆరు పట్లమీద ఇంకో నాలుగు, మొత్తం పది గెలవాలి. జతగాడి ముక్కలు బల్లమీద పరిచేసి, వాటినీ పాట గెలిచినవాళ్లే ఆడిస్తారు గనుక పరంధామయ్యకు పనిలేదు. నింద మళ్లీ రాకూడదని ఆయన వరండాలోకి వెళ్లి, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

రాజారత్నం రెండు ఆసులు, ఒక రాజు వేసి మూడు పట్లు లాగేశాడు. ఇంకొక్కటి పోతే మాట తప్పినట్టే. ఇస్పేట్లలో మిగతా పెద్దవన్నీ దేవకమ్మ జట్టువే, రాణి ఒక్కటే ప్రశ్న. అది ఆయన దగ్గరుందా, ఆయన జతగాడి దగ్గరా?

దేవకమ్మ కళ్లు మూసుకుంది. గాజు చప్పుడు లేదు. బల్లమీది చిన్న ఇస్పేటు వేయమంది. రాజారత్నం జతగాడు ఇంకో చిన్నది వేశాడు. ఆమె రాజును దాచుకుని, రాణికి లొంగే జాకీ వేసింది. రాజారత్నం దగ్గర దాన్ని కొట్టే ముక్క లేదు. జాకీ గెలిచింది!

అవే ముక్కలతో మిగతా బల్లల మీద ఆడినవాళ్లంతా అక్కడే తప్పారని తర్వాత తెలిసింది.

"రాణి నా దగ్గర లేదని ఎట్లా తెలుసుకున్నారమ్మా?" అన్నాడు రాజారత్నం.

"మీరే చెప్పినారు కదయ్యా. అన్ని పెద్ద ముక్కలుండి, రాణి కూడా ఉండుంటే మొదట్లోనే పాడుంటారు. నోరు మూసుకున్నారంటే లేదనే కదా."

ఆయన లేచి నిలబడ్డాడు. "నా మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. ఆ కట్లు విప్పేయండి."

"ఉండనీయండి. ఇంకా ఆట ఉండాది."

రెండో స్థానం వచ్చింది. తిరుగు రైల్లో కట్లు విప్పితే, మోచేతుల కింద గాజుల అచ్చులు ఎర్రగా దిగి ఉన్నాయి. పరంధామయ్య ఆ చేతులు చూసి, "ఇంతసేపూ నొప్పి పుట్టలేదా?" అన్నాడు.

"పుట్టింది. అబ్బా అంటే అదీ సైగే అంటారని గమ్మునుండిపోయినా."