ఆఖరివాడి కోసం లేచి నిలబడేవాడు

“అన్నయ్యా, మీ బావ లెగట్లేదు” అని మా చెల్లి ఫోను చేసినప్పుడు నేను పఠనమందిరంలో పేపరు తిరగేస్తున్నాను. ఉదయం ఎనిమిదిన్నర. “లెగట్లేదంటే ఏమిటి? ఒంట్లో బాగోలేదా?” అన్నాను. “లెగట్లేదంటే లెగట్లేదు. నువ్వు రా” అంది. ఫోను పెట్టేసి, చదువుతున్న వార్త చివరిదాకా చదివాను. ఏం చదివానో ఇప్పటికీ గుర్తు రాదు. ముందురోజు సాయంత్రం గంటస్తంభం దగ్గర సైకిలు మీద పోతూ చెయ్యెత్తిన మనిషి తెల్లారేసరికి లేడంటే నా బుద్ధికి ఎక్కలేదు. పన్నెండు రోజులైంది, ఇంకా ఎక్కలేదు.

నాకు ఎక్కేలోపే ఊరికి ఎక్కేసింది. పది గంటలకల్లా పఠనమందిరంలో మా రిటైర్డు మేధావులు “ఐసు ఫ్యాక్టరీవాడు ఎండకి పోయాడు” అని చెప్పుకుని నవ్వుకున్నారట. వాళ్ళకి ఇక్కడే జవాబు చెబుతున్నాను. ఆయన పోయింది ఎండకి కాదు, గుండెకి. తన ఇంట్లో, ఫ్యాను కింద, నిద్రలో. డాక్టరు చెప్పాడు. ఒక చమత్కారం కోసం మనిషి చావునే మార్చెయ్యడం చదువుకున్నవాళ్ళకే చేతనవును.

మా బావ విజయనగరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు మేస్త్రీగా చేశాడు. చేపల లారీలకి, పెళ్ళిళ్ళకి, సోడా కొట్లకి దిమ్మలు పంపేవాడు. హైస్కూలు చదివిన చెల్లిని ఐసు దిమ్మలు లాగేవాడికి ఇచ్చారని నేను మా నాన్నతో ఏడాది మాట్లాడలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి కూడా, ఆయన “బావా” అన్నంత ప్రేమగా నన్ను ఈ ఊళ్ళో ఎవరూ పిలవలేదు.

ఆ ఫ్యాక్టరీలో ఆయన పని చూడాలి. అచ్చులోంచి తీసిన దిమ్మ తడి గచ్చు మీదకి వస్తుంది. కొత్త కూలీలు దాన్ని కొక్కెంతో గట్టిగా తోస్తారు. అది పోయి గోడకి కొట్టుకుని పగులుతుంది. మా బావ కొక్కెం అలా ఆనించి, కాస్త కదిపి వదిలేసేవాడు. దిమ్మ తనంతట తానే వెళ్ళి లారీ బల్ల దగ్గర ఆగేది. “దీన్ని తొయ్యకూడదు బావా. దారి సూపించాల, అంతే” అనేవాడు. అందుకే కాబోలు, శీతాకాలపు ఒలింపిక్ క్రీడల్లో గుండ్రటి రాయిని మంచు మీద జార్చి, దాని ముందు చీపుళ్ళతో తుడుస్తూ పరిగెత్తే ఆట టీవీలో చూసి, “ఓలమ్మో, ఇది మన పనే గాదేటి!” అని కేకేశాడు. అప్పటినుంచి మంచు మీద ఆడేది ఏదైనా ఆయనకి కావాలి. మంచు కురవడం ఒక్కసారైనా కళ్ళారా చూడని మనిషి.

రెండువేల పద్నాలుగులో రష్యాలో ఆ క్రీడలు జరిగినప్పుడు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూలీలందరినీ కూర్చోబెట్టి చూపించాడు. నేనూ వెళ్ళేవాణ్ణి, వెక్కిరించడానికి. ఆయనకో అలవాటు. పందెంలో ఆఖరివాడు గీత దాటేవరకు నిలబడే ఉండేవాడు. గెలిచినవాడు చేతులూపేశాక ఎవరైనా టీవీ కట్టబోతే, “ఒరే, ఆగండ్రా. ఆడింకా దార్లో ఉన్నాడు” అని కసిరేవాడు. ఆ ఏడాది మన ఒలింపిక్ సంఘం మీద నిషేధం ఉండి, ప్రారంభోత్సవంలో మనవాళ్ళు మన జెండా లేకుండా నడిచారు. మా బావ చటుక్కున లేచాడు. బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చాడు. “కళ్ళు ఎర్రగున్నాయేటి మేస్త్రీ?” అని ఒకడు అడిగితే, “మిషన్లో అమ్మోనియా గేసురా” అన్నాడు.

ఈ ఫిబ్రవరిలో కొరియాలో జరిగాయి. మా పఠనమందిరంలో చర్చ పెట్టారు: శీతాకాల క్రీడలకు మన దేశం ఆతిథ్యమివ్వాలా? అధ్యక్షుణ్ణి నేను. మాట్లాడేవాళ్ళ టైము చూసి గంట కొట్టేదీ నేనే. మా బావని వక్తగా పిలుద్దామన్న ఆలోచన ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారిది. “ఐసుఫ్రూటు నిపుణుడు కూడా ఉండాల కదండీ” అన్నాడు. పిలిచింది నవ్వుకోవడానికేనని నాకు తెలుసు. కాదనలేదు.

ముందు మాట్లాడినాయన, హిమాలయాలు ఉండగా మనకి లోటేమిటి, ప్రపంచమంతా మన గుమ్మంలోకి వస్తుందన్నాడు. తర్వాతాయన, తాగడానికి నీళ్ళు లేని చోట మంచుకి ఖర్చు పెడతారా అన్నాడు. ఇద్దరూ ఆ క్రీడల్లో ఒక్క ఆటైనా చూసినవాళ్ళు కాదు. అప్పుడు మా బావ లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు కాగితాలు. వెనక వరసలోంచి “ఐస్! పాలైస్!” అని కేక వినిపించింది. డ్రిల్లు మాస్టారు పగలబడి నవ్వాడు.

“పిలవొద్దండి” అని మొదలెట్టాడు మా బావ. “ఇప్పుడే పిలవొద్దు. మనోళ్ళు ఇద్దరే ఎల్లినారు. ఇంకా ఎల్లాల. ఎల్లి పడాల, ఓడాల, ఆకర్న రావాల. స్టేడియం ఎవులైనా కడతారండి. ఆకర్న వచ్చినోడి కోసం లెగిసి నిలబడీ జనం మనకున్నారేటి? ఆళ్ళు తయారైన నాడు పిలుద్దాం.”

నవ్వు ఆగిపోయింది. ముందుగా చప్పట్లు కొట్టింది ఆ డ్రిల్లు మాస్టారే. మా బావ మొదటి కాగితం మడిచి జేబులో పెట్టుకుని రెండోది విప్పాడు. ఆయనకి ఇంకా రెండు నిమిషాల టైముంది.

నేను గంట కొట్టాను.

ఎందుకు కొట్టానో చెప్పాలి. ఊళ్ళో అందరి తప్పులూ ఎంచుతున్నవాణ్ణి, ఇదొక్కటి దాచుకోలేను. నా అధ్యక్షోపన్యాసం కోసం వారం రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ప్రాచీన గ్రీకుల దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళాను. ఆయన నాలుగు ముక్కల్లో అన్నది నా ఇరవై పేజీల్లో లేదు. అది నాకు తెలిసింది, హాలుకీ తెలిసిపోయింది. ఆ రెండో కాగితం కూడా వింటే ఇక నా మాట ఎవరికీ అక్కర్లేదు. ఆయన నా వైపు చూసి, తలాడించి, కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు పఠనమందిరానికి రాలేదు. నేనూ వాళ్ళింటికి వెళ్ళలేదు. టైము కాకుండానే కొట్టానని ఆయనకి తెలుసా? ఈ ప్రశ్న నన్ను తిననివ్వలేదు, చదవనివ్వలేదు. ఎండలు తగ్గాక వెళ్ళి అడుగుదామనుకున్నాను.

వచ్చే ఆదివారం పఠనమందిరంలో సంతాపసభ. నన్నే అధ్యక్షత వహించమన్నారు. వహించను. రాని కన్నీళ్ళు తెచ్చుకునేవాళ్ళ మధ్య, ఆయన పటం పక్కన, అదే కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు.

ఇక ఆ ఉదయం సంగతి. నేను వెళ్ళేసరికి ఫ్యాక్టరీ కూలీలు ఇంట్లో ఉన్నారు. అద్దాల ఫ్రీజరు పెట్టె అద్దెకి తెప్పిస్తామని ఎవరో అంటే, “మా మేస్త్రీకి అద్దె పెట్టేటి!” అని కసిరి, వాళ్ళే దిమ్మలు తెచ్చి గచ్చు మీద పేర్చి, ఊక పోసి, గోనెలూ చాపా పరిచి ఆయన్ని పడుకోబెట్టారు. చెల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

“ఆ మీటింగు నుంచి ఇంటికొచ్చి ఏటన్నాడో తెలుసా అన్నయ్యా?”

“ఏమన్నాడు?” అన్నాను.

“‘మీ అన్న నన్ను కాపాడీసినాడే’ అన్నాడు. రెండో కాయితంలో జెండా నేకుండా మనోళ్ళు నడిసిన ముక్క రాసుకున్నాడట. ‘అది సదివితే అందరి ముందూ ఏడ్సీసీవోడిని. బావ నా మొకం సూసి పోల్సీసినాడు. ఇంకా టైమున్నాది, అయినా గంట కొట్టీసినాడు’ అన్నాడు. ఎన్నిసార్లు సెప్పినాడో.”

“మరి రావడం ఎందుకు మానేశాడమ్మా?”

“సిగ్గు. ‘బావ ఎదర పడితే మళ్ళీ ఏడుపొచ్చీస్తాదే, కొన్నాళ్ళు పోనీ’ అనీవోడు.”

కాదమ్మా, కుళ్ళుతో కొట్టానని చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

“ఏటన్నయ్యా?” అంది.

ఆ ముఖంలోకి చూశాను. “ఏం లేదమ్మా” అన్నాను.

పొద్దెక్కేకొద్దీ దిమ్మలు కరగసాగాయి. ఊక కింద నుంచి సన్నటి ధార ఒకటి బయల్దేరి, గచ్చు మీద వంకరలు పోతూ నా కాళ్ళ దాకా వచ్చింది. ఎవరో గుడ్డ తెచ్చి తుడవబోతే వద్దన్నాను. పంచె అంచు తడిసి పాదానికి అంటుకుంది. ఆ నీరు నన్ను చుట్టుకుని, గడప దాటి, వీధిలో ఎండలోకి పోతోంది.