చేపకిచ్చే గడువు

బోగోలు తీరంలో హజరత్తయ్యకు కోపిష్టి అని పేరు. ఆ కోపమే చివరికి అతణ్ణి గట్టెక్కించింది.

చేపలు గుడ్లు పెట్టే ఎండాకాలంలో రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అన్నం పెట్టే చేపకు ఆ మాత్రం గడువివ్వాలని అతని తండ్రి కూడా అనేవాడు. ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. నిరుడు అది ఖాతాలో పడీ పడగానే, ఇన్నాళ్లూ కనీస నిల్వ ఉంచలేదంటూ బ్యాంకు సగానికి పైగా కోసేసుకుంది. వేట లేనివాడి ఖాతాలో నిల్వ ఎక్కణ్ణుంచి వస్తుంది?

"గుడ్లతో ఉండే చేపను మేమే పట్టం. మీరు సరిగ్గా ఆ నెలల్లోనే మా మింద వలేసినారే!" అని బ్యాంకులో అరిచాడు. ఎవరూ తలెత్తలేదు. నెల్లూరు వెళ్లి వినియోగదారుల కోర్టుకెక్కాడు. బ్యాంకుతో పెట్టుకుంటే బతుకుతావా అని ఊళ్లో నవ్వారు.

కోసిందంతా వడ్డీతో తిరిగివ్వాలని, ఇక భృతి జోలికి పోవద్దని ఇవాళ తీర్పొచ్చింది. హజరత్తయ్య కోర్టు మెట్ల మీద కూలబడి, తుఫాను దాటి ఒడ్డు చేరినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. ఆకలి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

బయటికి వచ్చిన బ్యాంకు మేనేజరు అతణ్ణి చూసి ఆగాడు. "ఇంక మా దగ్గర ఖాతా మూసేస్తారేమో?"

హజరత్తయ్య చాన్నాళ్లకు నవ్వాడు.

"సముద్రం నా పడవను రెండు తూర్లు తలకిందులు చేసింది సారూ. దాన్నే ఇడిసిపెట్టలా. మిమ్మల్ని ఇడిసిపెడతానా?"