మా ఇంటి సంతకానికి పడ్డ మార్కులు

పరువు పోవడం నాకు కొత్త కాదు. మా వంశంలో మూడు తరాలుగా అది విడతలవారీగా పోతూనే ఉంది. అయితే ఏసీ గదిలో కూర్చోబెట్టి, మర్యాదగా మాట్లాడుతూనే నా పరువుకు పడ్డ మార్కులు చదివి వినిపించింది మాత్రం శంషాబాద్‌లోని ఒక బ్యాంకు. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో చెబుతాను. తొందరేమీ లేదు, నేనూ అలసిపోయే ఉన్నాను.

ముందు మా ఇంటి ఆచారం చెప్పాలి. పాల్మాకుల దగ్గర మాకు ఒకప్పుడు చూపు ఆనినంత భూమి ఉండేది. తాతగారి దానాలకు కొంత, నాన్నగారి కోర్టు కేసులకు మిగతాది పోగా, నా వంతుకు ఒక పెద్ద ఇనుప గేటు, దాని వెనక చిన్న ఇల్లు, 'దొర' అనే పిలుపు మిగిలాయి. వాటితోపాటు సంతకం. ఊళ్లో ఎవరు అప్పు తీసుకున్నా హామీగా పెట్టే జమానతు సంతకం మా ఇంటిదే. కాదనడం మా ఇంటా వంటా లేదు. పొద్దున్నే ఎవరైనా గేటు దగ్గర కాగితం పట్టుకుని నిలబడితే, మా ఆవిడ సులోచన వంటింట్లోంచే చెప్పేది: "పోన్రి, మీ భక్తులొచ్చిన్రు."

ఆమె ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. బయటివాళ్లతో మాత్రం "ఆమెకు పొద్దు పోక పోతుంది" అనేవాణ్ని.

ఒకరోజు మల్లేశం వచ్చాడు. వాళ్ల నాన్న మా పొలం కౌలుకు చేసేవాడు.

"దొరా, మోటార్ సైకిల్ తీస్కుంటున్న. జర జమానతు పెట్టుర్రి."

"ఏడ పెట్టాలె?"

"ఒకసారి చదువుర్రి దొరా."

"చదివేటోడు సంతకం పెట్టడురా. పెట్టేటోడు చదువడు."

గేటు స్తంభం మీద కాగితం పరిచి గీశాను. మా సంతకం మామూలుది కాదు. ఇంటిపేరుతో మొదలై నెమలి తోకలా కాగితం అంచు దాకా సాగుతుంది. బ్యాంకు ముద్ర వేయడానికి కూడా జాగా మిగలదు.

"ఫికర్ చెయ్యకు. ఈ సంతకం చూసినంక ఎవ్వడూ నీ గడప తొక్కడు" అన్నాను. (ఈ మాట గుర్తుపెట్టుకోండి. మల్లేశం గుర్తుపెట్టుకున్నాడు.)

విమానాశ్రయం వచ్చిన కొన్నేళ్లకు మా వైపు హోటళ్లు లేచాయి. దసరాలోపు కారు తెస్తే అతిథులను తిప్పే పని ఇస్తామని ఒక హోటలువాళ్లు అన్నారు. నడిపేది నేనే. దాన్ని "ట్రావెల్స్ పెడుతున్నాను" అని చెప్పుకున్నాను. ఆ పని దక్కకపోతే ఇక గేటు అమ్ముకోవాల్సిందే. పాత ఇనుము వ్యాపారి అప్పటికే దాన్ని తట్టి చూసి వెళ్లాడు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కారు లోనుకు బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు గోదావరి వైపు మనిషి. తిట్టినా 'అండి' కలిపి తిడతాడు.

"మా ఇంట్ల అప్పు తీసుకున్నోడు లేడు సార్. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు" అన్నాను మీసం సవరించుకుంటూ.

ఆయన కంప్యూటరు వైపు చూశారు. తర్వాత నా వైపు. మళ్లీ కంప్యూటరు వైపు.

"మీ పేరు మీద చాలా అప్పులు కనబడుతున్నాయండి. మోటారు సైకిళ్లు, ఒక ట్రాక్టరు, గేదెల లోను..."

"నాకు గేదెలు లేవు."

"గేదెలు వాళ్లవేనండి. జమానతు మీది."

"జమానతు అంటే మా పెద్దల దీవెన సార్."

"బ్యాంకుకు దీవెన కాదండి. వాళ్లు కట్టకపోతే నేను కడతాననడం. ఎవరు కిస్తు కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో బ్యాంకులన్నీ క్రెడిట్ బ్యూరోకు పంపుతుంటాయి. బ్యూరో అదంతా చూసి మీకు మార్కులు వేస్తుంది. తొమ్మిది వందలు దాటి ఎవరికీ రావు. ఏడు వందల యాభై ఉంటే మాకు ధైర్యం."

"నాకెన్ని?"

"ఐదు వందల పన్నెండండి."

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. మా ఏనుగు బతికుండగానే ఐదు వందల పన్నెండుకు వచ్చింది.

"ఆ బ్యూరో ఆఫీసరును ఒక పూట మా ఇంటికి భోజనానికి పిలువుర్రి. మాట్లాడుకుందాం."

"మార్కులు వేసేది కంప్యూటరండి. అది భోంచెయ్యదు. ముందు ఆ బాకీలు కట్టించండి, మార్కులు మెల్లగా పెరుగుతాయి. ఫీజు కడితే మీ రిపోర్టు మీకే పంపుతారు. అప్పుడప్పుడు తెప్పించుకుని చూసుకోవాలండి."

మెల్లగా అంటే దసరాకు కాదని ఆయన ముఖమే చెప్పింది.

అక్కణ్నుంచి నేరుగా మల్లేశాన్ని వెతుక్కుంటూ పోయాను. ఆరాంఘర్ చౌరస్తాలో, నేను జమానతు ఉన్న బండి మీదే కూర్చుని జామకాయ తింటున్నాడు.

"ఏరా, కిస్తులు కడ్తలేవట?"

"కడ్తలేను దొరా."

"ఎందుకురా?"

"మీరే అన్నరు కద, మీ సంతకం చూసినంక ఎవ్వడూ గడప తొక్కడని. నిజంగనే ఎవ్వడూ రాలే. మీ పేరంటే గట్లుంటది."

సగం జామకాయ విరిచి నాకిచ్చాడు. తిన్నాను. ఇంకేం చేయను?

ఇంటికి వచ్చి వరండాలో కూలబడ్డాను. సులోచన మంచినీళ్లిచ్చి, సంగతంతా విని, "నా పేరు మీద చూడమనుర్రి" అంది.

"అప్పే తీసుకోనిదానివి, నీ పేరు మీద ఏముంటది?"

"ఫ్రిజ్జు."

"అది నగదుకు కొన్నం కద."

"మీరు నగదుకు కొన్నరు. నేను కిస్తుల మీద కొన్న."

వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ ఫ్రిజ్జు తలుపు తీసి చూపించి, "మా ఇంట్ల కిస్తుల సామాను ఉండదు" అని చెప్పినవాణ్ని నేను. చేతిలోని సెల్‌ఫోను వైపు అనుమానంగా చూశాను.

"అది కూడ" అంది ఆమె. "ఒక్క కిస్తు ఆలస్యం కాలే."

మర్నాడు మేనేజరు కంప్యూటరు చూసి, లేచి నిలబడినంత పని చేశారు. "ఎనిమిది వందలకు దగ్గరగా ఉన్నారండి మేడమ్. కూర్చోండి, టీ చెబుతాను." లోను ఆమె పేరు మీద వచ్చింది. కారు దసరా ముందే వచ్చింది. గేటు నిలబడింది.

లోను కాగితాలు రాసిన రోజు బ్యాంకులో ఆమె ఒక్కొక్క కాగితం చదివి చిన్న అక్షరాలతో సంతకాలు పెడుతుంటే, నేను జేబులోంచి పెన్ను తీశాను.

"జమానతు నేను ఉంట సార్. ఏడ పెట్టాలె?"

మేనేజరు నా పెన్ను మూతను మెల్లగా మూశారు. "మీరు ఎక్కడా పెట్టకండి సార్" అన్నారు. మూడు తరాల్లో మా సంతకం వద్దన్న మొదటి మనిషి ఆయన.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: మా గేటు సాక్షిగా, కొండంత మనిషి వచ్చి అడిగినా, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. ఈ ప్రతిజ్ఞ రాసి ఇంట్లో గోడకు అతికించాను. నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదు కనుక, కింద జమానతు సంతకం సులోచన చేసింది. మొత్తం చదివాకే చేసింది.