అన్నం తినే చేతి దిక్కు

బోధన్‌లో చక్కెర కర్మాగారం కడుతున్న రోజుల్లో నేను నిజామాబాదు పట్టణం చివర ఒక చిన్న సర్కారు బడిలో పంతులును. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఆ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. ముప్పైఒకటి రాయమంటే సగం మంది పదమూడు రాసేవారు. పుస్తకం చేసిన గందరగోళానికి వాతలు తేలేది పిల్లల చేతుల మీద. మొదట్లో నేనూ కొట్టాను. అబద్ధమెందుకు?

కొట్టి కొట్టి విసుగొచ్చాక వరండా మట్టినేలలో పక్కపక్కనే రెండు గుంటలు తవ్వి, చింతగింజలు తెచ్చాను. కుడి ఎడమలు ఆ పిల్లలకు ఎంత చెప్పినా నిలిచేవి కావు. అన్నం ఏ చేత్తో తినాలో మాత్రం పాలు మరిచిన నాటి నుంచే తెలుసు. అందుకని, "అన్నం తినే చెయ్యి దిక్కు గుంటల గింజ పడితే ఒకటి. అవుతలి గుంటల గదే గింజ పడితే పది" అని చెప్పాను. నాలుగేసి గింజలిచ్చి, ఎన్ని రకాల సంఖ్యలు అవుతాయో చూడమన్నాను. బడిలో మొదటిసారి పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

ఆ తరగతిలో ఒకే ఒక్క ఆడపిల్ల. తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది, తండ్రి బోధన్‌లో ఆ కర్మాగారం పనికి మట్టి మోసేవాడు. ఆ పిల్ల ఒకరోజు గింజలు అటూ ఇటూ మారుస్తూ ఉన్నట్టుండి కేక పెట్టింది.

"పంతులూ, గిటు సూడు! ఒక్క గింజ అవుతలి గుంటలకు దుంకితే తొమ్మిది పెరుగుతున్నయ్! పదమూడు, ఇరవైరెండు, ముప్పైఒకటి... గింజ గదే, తొమ్మిది యాడికెల్లి వచ్చె?"

నేను ఎవరికీ చెప్పని సంగతి అది. ఆ రోజు ఇంటికి పోయే దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

తండ్రి సెలవుకు వచ్చినప్పుడు బడికి వచ్చి తేల్చి చెప్పాడు. "పైతరగతికి వోతె సదువుకోనిస్త పంతులూ. పోకుంటె దానవ్వ పక్కన బీడీల చాట వట్టుకోని కూసుంటది."

పైతరగతికి ఎవరు పోవాలో తేల్చేది ఏటా వచ్చే తనిఖీ అధికారి. నా ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో రాసేదీ ఆయనే. ఆయన వచ్చి వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. గుంటలు చూసి, ఇదేమిటన్నాడు. తినే చేతి దిక్కు ఒకట్లు, రెండో దిక్కు పదులు అని వివరించాను. పిల్ల గుంటలకు ఇవతల, ఆయనకు ఎదురుగా కూర్చుంది. నేను దాని వెనక నిలబడ్డాను.

"ఇకత్తీస్" అన్నాడు ఆయన. ముప్పైఒకటి. పిల్ల తడుముకోకుండా ఎడమ గుంటలో మూడు, కుడి గుంటలో ఒకటి వేసింది. ఆయన వంగి, తన చెయ్యి చూసుకుని, గుంటలు చూసి పెదవి విరిచాడు.

"గలత్. యే తో తేరా హై."

తప్పట, పదమూడట. ఆయన అన్నం తినే చెయ్యి మూడు గింజల గుంట దిక్కు ఉంది మరి! ఎదురుగా కూర్చున్నవాడికి కుడి ఎడమలు తారుమారవుతాయని నేను చెప్పలేదు, ఆయనకు తోచలేదు. గుంటలను తిప్పలేం. ఆయన లేచి నాలుగడుగులు వేసి ఇటు వస్తే చాలు. కుర్చీలోంచి లేవండని ఆయనతో అనాలి. పిల్ల తల వెనక్కి తిప్పి నా వైపే చూస్తోంది.

"సరిగ్గా చెప్పావా దీనికి?" అని ఆయన నన్ను ఉర్దూలో అడిగాడు.

"చెప్పాను హుజూర్. ఇదే మరిచిపోయింది" అన్నాను.

ఆ మాట నా నోటితోనే అన్నాను. ఎవరూ అనిపించలేదు.

పిల్లను అదే తరగతిలో ఉంచమని రాసి వెళ్లాడు. నన్ను మాత్రం మెచ్చుకుని, ఆటలు మానిపించమన్నాడు. గుంటలు నేనే పూడ్చాను. పిల్ల మళ్లీ బడికి రాలేదు. పది రోజులు చూసి వాళ్లింటికి వెళ్లాను. పిల్ల తల్లి పక్కన కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, బీడీలు చుట్టే తునికాకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేవలేదు, పని ఆపలేదు.

"పంతులూ, నువ్వు నా ఎనుకనే నిలవడ్డవ్ గద" అంది. "నీ అన్నం తినే చెయ్యి, నా అన్నం తినే చెయ్యి ఒక్క దిక్కే ఉండె గద?"

"ఉండె బిడ్డా" అన్నాను, పది రోజులు ఆలస్యంగా.