పొట్టేలూ బొగ్గుగనీ

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పాత ఇళ్ల చెక్కమెట్ల మీద ఇప్పటికీ అక్కడక్కడా నునుపుకు పూసే మైనం వాసన ఉంటుంది. మొన్న ఒక అద్దె ఇల్లు చూడటానికి వెళ్లి, వీధి తలుపు తీయగానే, తుడిచి తుడిచి మెరిపించిన మెట్ల మీదినుంచి ఆ వాసన గుప్పున తగిలేసరికి, ఇంటాయన చెబుతున్న అద్దె లెక్కలన్నీ వదిలేసి నేను చిన్నప్పటి ఆదివారాల్లోకి జారిపోయాను. గోడల్లో చెమ్మ అస్సలు లేదని నేను అడగకుండానే ఆయన అన్నాడు, కాసేపాగి మళ్లీ అన్నాడు. చెమ్మ ఉందని నాకు రూఢి అయిపోయింది.

అనుమానం నాకు నాన్ననుంచి వచ్చింది. నాన్న రాజయ్య వరంగల్ మనిషి, ఇక్కడ యంత్రాల కంపెనీలో ఇంజనీరు. పాల ప్యాకెట్ మీద తేదీని నమ్మేవాడు కాదు, వాసన చూడాల్సిందే. ఈ దేశమంతా కళ్లు మూసుకుని నమ్మే ట్రామ్ వేళల్నీ నమ్మక, స్టాపులో అందరికంటే ముందు నిలబడి పట్టాలకేసి గుర్రుగా చూసేవాడు. ఆయన నమ్మింది ఒక్క మూర్తి మామయ్యనే. తెనాలినుంచి వచ్చిన గుండె డాక్టరు. అమ్మ ఆయన్ను 'అన్నా' అని పిలిచేది, అలా నాకు మామయ్య అయ్యాడు. అప్పట్లో ఆ ఊళ్లో నాన్న తెలుగులో గొంతెత్తి అరవడానికి ఉన్నది ఆయనొక్కడే.

ఆ అరుపులన్నీ బాక్సింగ్ గురించి. అదీ జరిగిన పోటీల గురించి కాదు, ఏనాటికీ జరగలేని వాటి గురించి. తాతల కాలపు హెవీవెయిట్ ఛాంపియన్ని, అప్పట్లో టీవీలో చూస్తున్న ఛాంపియన్‌తో ఒకే బరిలోకి దింపితే ఎవడు పడతాడు? వాళ్ల అసలు పేర్లు నాకు నోరు తిరిగేవి కావు, వీళ్లు పెట్టుకున్న పేర్లే తెలుసు. మామయ్య మనిషి బొగ్గుగని: గనిలో పనిచేసి వచ్చిన పాతకాలపు వస్తాదు, మూగ సినిమా రీళ్లలో తప్ప ఎవరూ చూడనివాడు. నాన్న మనిషి పొట్టేలు: కుర్రవాడు, తల వంచుకుని దూసుకొచ్చి ఎడమచేత్తో కిందినుంచి కొట్టేవాడు.

బయట నవంబరు మంచు కిటికీలకు అంటుకుని ఉండేది. లోపల గారెలు వేగుతున్న నూనె వాసన, గోంగూర దొరకని దేశంలో అమ్మ కనిపెట్టిన, రబార్బర్ అనే పుల్లకాడల నిల్వపచ్చడి ఘాటు, ఎండుమిరపకాయల పోపు, హీటర్ మీద ఆరుతున్న నా ఉన్ని మేజోళ్ల వాసన, వీటన్నిటి మధ్యా ఆ ఇద్దరూ లుంగీలు కట్టుకుని లేచి నిలబడి గాలిలోకి గుద్దుకునేవారు. నేను సోఫా చేతిమీదెక్కి, గరిటెతో పళ్లెం మోగించి రౌండు మొదలుపెట్టేదాన్ని.

"గా రీలు ఉరికిస్తున్నర్రా! మనిషన్నోడు గంత జల్ది కొడ్తడా?" అనేవాడు నాన్న.

"మీవాడితో తలపడ్డవాళ్లంతా ముందే మాట్లాడుకుని పడిపోయినోళ్లేగా!" అనేవాడు మామయ్య.

ఆదివారం చప్పుడు చేయకూడని ఊరు కదా, కింది ఇంటి ముసలావిడ చీపురుకర్రతో కప్పును పొడిచేది. ఒకసారి పైకే వచ్చి, అమ్మ మొహం మీద దెబ్బలేమైనా ఉన్నాయేమోనని తేరిపార చూసింది. ఉన్నది గారెల పిండి. ఆవిడ చేతిలో రెండు గారెలు పెట్టి పంపించాం. నమ్మిందో లేదో, నాకు ఇప్పటికీ సందేహమే.

ఒక చలికాలం మామయ్య తన ఆసుపత్రిలోనే నాన్నకు పరీక్షలు చేయించాడు. అంతా బాగానే ఉందన్నారు. ఆ ఆదివారమే నాకు అనుమానం మొదలైంది. నాన్న కంచంలోంచి అమ్మ పచ్చడి తీసేసింది. మామయ్య వంటింట్లోకి వెళ్లి అమ్మతో గుసగుసలాడాడు, నేను వెళ్లగానే ఇద్దరూ చక్కెర డబ్బా గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. చక్కెర డబ్బా గురించి అంత మాట్లాడటానికి ఏముంటుంది? భోజనాలయ్యాక నాన్న ఎప్పటిలాగే, పొట్టేలు ముందు బొగ్గుగని రెండు రౌండ్లు కూడా నిలబడడన్నాడు.

"నిజమేరా రాజయ్యా. నువ్వన్నట్టు పొట్టేలే గెలుస్తాడు," అన్నాడు మామయ్య.

గరిటె పట్టుకున్న నా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి గెలిచిన నాన్న మొహంలో సంతోషం లేదు. నిన్నటి పాల ప్యాకెట్‌ని చూసినట్టు మామయ్యను చూశాడు.

ఆ తర్వాతి ఆదివారాల్లోనూ అదే తంతు. మామయ్య రీలు వేగం సంగతీ ఒప్పుకున్నాడు, పాతకాలపు చేతితొడుగుల సంగతీ ఒప్పుకున్నాడు. నాన్నకు నిద్ర పట్టలేదు. మామయ్య ఆసుపత్రిలో పెద్ద పదవిలోకి వెళ్లాడనీ, ఇక మనతో పొత్తు తెంచుకోబోతున్నాడనీ నాన్న అమ్మతో అనడం విన్నాను. నాకూ అదే భయం. మామయ్య రాకపోతే నాన్న ఎవరి మీద అరుస్తాడు? సోమవారంనుంచి శనివారం దాకా జర్మన్లో మెత్తగా, తప్పుల్లేకుండా మాట్లాడే ఆ మనిషి ఆదివారం కూడా అలాగే ఉండిపోతే, మా ఇంట్లో నాన్న ఉన్నట్టా లేనట్టా?

చివరికి నాన్న తెగించి ఎర వేశాడు. బొగ్గుగని బాక్సరే కాదు, బస్తాలు మోసే మనిషన్నాడు.  మామయ్య గారె తుంచి, తుంచిన ముక్కను మళ్లీ తుంచి, "అంతేలేరా," అన్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. "నాతోని లొల్లి పెట్టుకునుడు గూడ దండగనిపిస్తుందా నీకు? పెద్ద డాక్టర్‌వైనవ్, మంచిదే. గట్లయితే మా ఇంటికి రాకు. ఇయ్యాల్టితోని బందు."

"రాజయ్యా, కూర్చో."

"కూసోను!"

"ఒరేయ్, నీ గుండె బాగాలేదురా! ఆపరేషన్ చేయాలి. అరవకూడదు నువ్వు!" మామయ్యే అరిచాడు. "నేనే చెప్తానని మా డాక్టర్లకు మాటిచ్చా. చెప్పడానికి నోరు రాలేదు. కనీసం నిన్ను అరిపించకుండా ఉందామని..."

అమ్మ తలుపుకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోగికి రోగం చెప్పకుండా దాచి, పథ్యం మాత్రం పెట్టడం మావాళ్ల అలవాటు. ప్రాణంమీది మాటలు కూడా రోగి మొహంమీదే చెప్పే ఈ దేశంలో, ఇంత చదివిన డాక్టరు కూడా ఆ అలవాటు మానలేకపోయాడు. దాచిందల్లా తను వాదనల్లో ఓడిపోవడంతోనే బయటపడుతోందని మాత్రం గ్రహించలేదు.

నాన్న కూర్చున్నాడు.  అప్పుడు నాకు కలిగినంత భయం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

"గందుకా బొగ్గుగనిని ఓడగొట్టినవ్?" అన్నాడు చివరికి.

మామయ్య తల ఊపాడు.

"ఆపరేషనంటే ఆపరేషన్ చేయించుకుంట. కానీ నువ్వు ఒప్పుకున్నయన్ని వాపస్ తీస్కో. ఇప్పుడే. నా బిడ్డ ముంగట."

మామయ్య కళ్లు తుడుచుకుని నాన్న మణికట్టు పట్టుకున్నాడు. నాడి చూస్తూనే, బొగ్గుగని పొట్టేలును ఏ మూలకు తోసి ఎలా మట్టి కరిపిస్తాడో గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. నాన్న అడ్డం తగిలాడు. నాడి వేగం పెరిగితే మామయ్య ఆగేవాడు, తగ్గాక మళ్లీ అందుకునేవాడు. ఆ రోజు కింది ఇంటి చీపురుకర్రకు పని పడలేదు. ఆ నిశ్శబ్దానికి ఆవిడకు ఇంకెంత అనుమానం వచ్చిందో ఏమో.

ఆపరేషన్ తర్వాత నాన్న చాలా ఏళ్లు బతికాడు, చాలా అరిచాడు. ఆయన పోయి కొంతకాలమైంది. ఆ ఇల్లూ లేదు, కింది ముసలావిడా లేదు. గోంగూర ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ దుకాణాల్లో కట్టలు కట్టలుగా దొరుకుతుంది, రబార్బర్ పచ్చడి ఎవరూ చేయరు.

పోయిన ఆదివారం మా అబ్బాయి మూర్తి మామయ్య దగ్గర కంప్యూటర్ తెరిచాడు. వెనకటి ఛాంపియన్లనూ ఇప్పటివాళ్లనూ కొలతలతో సహా అందులో పెడితే, అదే ఆడించి ఫలితం చెబుతుందట. పొట్టేలునూ బొగ్గుగనినీ దింపాడు. తెరమీద రెండు బొమ్మలు కాసేపు కొట్టుకున్నాయి. పొట్టేలు పడిపోయాడు, లేవలేదు.

"తాతా, గెవోనెన్! మీరే గెలిచారు!" అన్నాడు మావాడు.

మామయ్య కళ్లద్దాలు సవరించుకుని తెరను అటూ ఇటూ అనుమానంగా చూశాడు. "ఇదంతా దొంగాట. ఆ ఎడమచెయ్యి దీనికి తెలుసా అసలు?" అంటూ కర్ర పట్టుకుని లేచాడు. పిడికిలి బిగించి, తల వంచి, నా జన్మలో ఆయన నోట వినని యాసలో అరవడం మొదలుపెట్టాడు. "పొట్టేలు గిట్ల తలకాయ వంచి లోపటికి జొచ్చిండంటే, మీ బొగ్గుగని యాడికి ఉరుకుతడ్రా? చెప్పు! యాడికి ఉరుకుతడు?"

నాన్న మాటే, నాన్న విరుపే. నాకు ఏడుపు ఆగలేదు. మామయ్య ఆయాసపడుతూ, బొగ్గుగని తరఫున ఎవరైనా జవాబు చెబుతారేమోనని మా ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూశాడు.